గార్డు గారి వేసవి రిజిస్టరు

ఈ ఏడాది మా సొసైటీ వేసవి సమాచారంలో ఆయన మరణం నాలుగో అంశం. మొదటిది నీళ్ళు వదిలే వేళలు. రెండోది సంపు సఫాయి. మూడోది సాయంత్రం దోమల పొగ, కిటికీలు మూసుకోవాలి. నాలుగోది, బి బ్లాకు పెద్దాయన మంగళవారం పోయారు, ఆదివారం సాయంత్రం క్లబ్బు గదిలో సంతాప సభ, అందరూ రావలసింది. అయిదోది పిల్లలకు డ్రాయింగు క్లాసులు. అంతా హిందీలో, వాట్సాప్‌లో. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. మధ్యలో ఎవరో బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. అది సంపు సఫాయికి పెట్టారో చావుకి పెట్టారో ఆ పెట్టినవాళ్ళకే తెలియాలి. ఒళ్ళు మండి ఫోను సోఫా మీదికి విసిరేశాను.

అసలు మా కాలనీలో వేసవి సమాచారం అన్నది మొదలుపెట్టిందే ఆయన. అంతకుముందు రాయ్‌పూర్‌లో అందరూ ఎండాకాలం ఎలా గడుపుతారో మేమూ అలాగే గడిపేవాళ్ళం. నీళ్ళు రాకపోతే బాల్కనీల్లోంచి ఒకరినొకరు అడగడం, కరెంటు పోతే ఫోన్లు చేసుకుని తిట్టుకోవడం. ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరై మా బ్లాకు మొదటి అంతస్తులోకి వచ్చారు. వచ్చిన ఏడాదికే కార్యదర్శి పదవి ఆయన నెత్తిన పడింది, ఇంకెవరూ ఒప్పుకోలేదు కనక. అందరూ ఆయన్ని గార్డు గారు అనేవారు. ఇంటి పేరు, ఒంటి పేరు అడిగినవాళ్ళు లేరు. నేనూ ఇక్కడ రాయను.

ఆ పిలుపుతో ఆయనకు చిక్కులు తక్కువేం కాదు. కొత్తగా అద్దెకు దిగిన ఒకాయన గేటు దగ్గర ఎవరో "గార్డ్ సాబ్" అని పిలవడం విని, కారు తాళాలు ఈయన చేతిలో పడేసి, "గాడీ ఛాయా మే లగా దో" అని నీడలో పెట్టమని పురమాయించి లోపలికి వెళ్ళిపోయాడు. అతను గంట తర్వాత దిగి వచ్చేసరికి కారు ఎండలోనే ఉంది. ఈయన కూడా ఎండలోనే కారు పక్కన నిలబడి ఉన్నారు, తాళాలు గుప్పిట్లో పట్టుకుని. "నాకు గాడీ నడపడం రాదు బాబూ. తాళాలు మాత్రం జాగర్తగా ఉంచేను" అన్నారు, చక్కటి హిందీలో. ఆ మనిషి ఏడాది పాటు ఆయన కనబడితే చేతులు కట్టుకుని నిలబడేవాడు.

గేటు దాటి నాలుగడుగులు వేశాక ఆయన తప్పకుండా ఆగి, వెనక్కి తిరిగి, బ్లాకు మొత్తాన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసేవారు. చెయ్యి కాస్త పైకి లేచేది. జెండా ఊపబోయి మానుకున్నట్టు ఉండేది. పిల్లలు ఆయన వెనకాల నడుస్తూ అదే చేసి చూపించేవారు. "ముందుకి చూడ్డానికి డ్రైవరు ఉంటాడు. వెనక్కి చూడ్డానికే నాకు జీతం ఇచ్చేరు" అనేవారు ఆయన, కోపం లేకుండా.

ఇక ఆయన రిజిస్టరు సంగతి. నీలం అట్ట, బారుగా, రైల్వే ఆఫీసుల్లో ఉండే రకం. ఎడమ పేజీలో హిందీ, కుడి పేజీలో తెలుగు, రెండూ ఆయన గుండ్రటి అక్షరాల్లోనే. పదహారు ఇళ్ళున్న మా బ్లాకులో తెలుగు వాళ్ళం మూడిళ్ళు. మూడిళ్ళ కోసం ఒక పేజీ దండగ కదా అని నేను ఒకసారి అన్నాను. "మూడిళ్ళోళ్ళకీ దాహం వేస్తాది కదమ్మా" అన్నారు.

ఏప్రిల్ వచ్చిందంటే ఆ రిజిస్టరు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. నీళ్ళ వేళలు, కూలర్ల నీరు కింది బాల్కనీలో పడకుండా చూసుకోవడం, ఊరెళ్ళేవాళ్ళు గ్యాసు కట్టేసి వెళ్ళడం, టంకీ, అంటే కింది సంపు, సఫాయి ఎప్పుడో ఆ వివరం. ప్రతి ఇంట్లో ఒకరు అది చదివి ఆయన ఎదుట సంతకం పెట్టాలి. పెట్టాక పుస్తకం మూసేసి ఒక ప్రశ్న వేసేవారు. "మూడోదాన్లో ఏటుంది?" మాకు ప్రాణం మీదికి వచ్చేది. మా ఆయన రిజిస్టరు కనబడగానే స్నానాల గదిలో దూరేవాడు. కింది అంతస్తు ఛత్తీస్‌గఢీ ఆవిడ తలుపు తీయకముందే లోపల్నుంచి అంశాలన్నీ వరసగా అప్పజెప్పేసేది.

నోటీసు బోర్డుకి కాగితం అంటించి ఊరుకోవచ్చు కదా అని మిగతా కమిటీ గొడవ. ఆయన వినేవారు కాదు. "గోడకి అంటించిన కాగితాన్ని గోడే చదువుకుంటాది" అనేవారు. బోర్డు తీయించేశారు కూడా. రైల్వేలో కాషన్ ఆర్డరు అని ఒక కాగితం ఉంటుందట. ఫలానా చోట పట్టాల పని జరుగుతోంది, బండి మెల్లిగా పోవాలి అని. డ్రైవరూ గార్డూ చదివి సంతకం పెడితే గాని బండి కదలదు. ఆ అలవాటును ఆయన మా మీద రుద్దారు. రుద్దారనే అంటాను. అప్పట్లో నాకు అది రుద్దుడే.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు గురించి. దాచి దాచి ఇన్నేళ్ళైంది, ఇక తిప్పి చెప్పను.

ఆ ఏడు మే నెల. పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి పొడ కనబడని రోజులు. ఆయన మూడో అంతస్తుకు వచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. నేను సంతకం పెట్టాను. "బుధవారం ఏటుంది?" అన్నారు. ఆయన మూసేలోపే ఓరకంట చూశాను కనక చెప్పాను: బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా టంకీ సఫాయి, లిఫ్టుకీ నీళ్ళ మోటారుకీ ఒకటే మెయిన్ గనక లిఫ్టు నడవదు, ఎవరూ ఎక్కకూడదు. తల ఊపి, మా ఎదురింటి బెల్లు నొక్కారు.

ఎదురిల్లు స్వరూపది. వరంగల్ వైపు వాళ్ళు. భర్తకి స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆ చలికాలంలోనే మా బ్లాకులోకి వచ్చారు కనక ఈ రిజిస్టరు తంతు ఆమెకు తెలీదు. ఆమెకు ఏడో నెల. రాత్రుళ్ళు నడుం నొప్పితో నిద్ర ఉండదు, పగలు కాసేపు కునుకు తీస్తుంది. ఆయన రెండోసారి బెల్లు నొక్కేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"బాబాయి గారూ, పాపం పడుకునుంటది. లేచేక నేను చెప్తానులెండి" అన్నాను.

"చెప్పడం నువ్వు చెప్పమ్మా. సంతకం ఆవిడే పెట్టాల, నేను చూడాల" అన్నారు. అని రిజిస్టరు మా టీపాయి మీద పెట్టారు. "పై నాలుగిళ్ళోళ్ళకీ సఫాయి గురించి నోటితో చెప్పేసి వస్తాను, కిందికి వచ్చేటప్పుడు సంతకాలు తీసుకుంటాను. ఈలోగా లేస్తే చదవమను."

ఆయన మెట్లెక్కారు. మళ్ళీ వస్తారు, మళ్ళీ బెల్లు నొక్కుతారు, ఆ పిల్ల పొట్ట పట్టుకుని లేచి వస్తుంది, మూడోదాన్లో ఏముందో చెప్పమంటారు. నేను పెన్ను తీసి, ఆమె ఇంటి నంబరు ఎదురుగా స్వరూప అని తెలుగులో రాసేశాను. ఇందులో పెద్ద ఆలోచన ఏమీ లేదు. ఆ పిల్లకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆయన దిగి వచ్చి పుస్తకం తెరిచారు. "లేచిందండీ, చదివింది, పెట్టింది" అన్నాను. ఆ సంతకం కేసి చూశారు. ఎదురింటి తలుపు కేసి చూశారు. నా కేసి చూశారు. "దాన్లో ఏటుందో అడిగేవా?" అన్నారు. "అడిగేను, చెప్పింది" అన్నాను. మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగారు. ఇంకే రోజైనా అయితే ఆయన నన్ను నమ్మేవారు కాదు. ఆ రోజు ఎండకు ఆయన అలిసిపోయి ఉన్నారు. పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే అభన్‌పూర్ నుంచి మా ఆడపడుచు పిల్లల్తో దిగింది. ఇల్లంతా సందడి. మధ్యలో రెండుసార్లు స్వరూప బాల్కనీలో కనబడింది. ఎండ గురించి మాట్లాడుకున్నాం, ఆమెకు పుల్లటిది తినాలనిపిస్తోందంటే మామిడికాయ పప్పు పంపించాను. లిఫ్టు సంగతి చెప్పడం మాత్రం మర్చిపోయాను. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడైనా గుర్తు రాలేదు.

బుధవారం మా ఆడపడుచును బస్సెక్కించి వచ్చి, కూలర్ వేసుకుని పడుకున్నాను. రెండున్నర అయిందేమో, కూలర్‌లో నీళ్ళు పోద్దామని లేచి దాన్ని ఆపాను. ఎక్కడో కొడుతున్న చప్పుడు. ఆగి ఆగి, మెత్తగా. పైవాళ్ళు ఏదో దంచుకుంటున్నారనుకున్నాను. బకెట్టు నింపి వచ్చి మళ్ళీ విన్నాను. చప్పుడు గోడలోంచి వస్తోంది. ఎదురింటి తలుపుకు బయట తాళం ఉంది. పొద్దున స్వరూప చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది: "అక్కా, ఇయ్యాల తెలీబంధ కాడ డాక్టరమ్మకు చూపించుకోవాలె, ఆటోల పోయొస్త."

బకెట్టు అక్కడే వదిలేసి లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను. తలుపు మీద చెవి పెట్టాను. లోపల్నుంచి "అక్కా" అని వినబడింది. ఒక్కసారే. ఆ తర్వాత ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మెట్లు ఎలా దిగానో తెలీదు. ఆయన సంపు పక్కన నిలబడి ఉన్నారు. లోపల ఇద్దరు మనుషులు గోడలు రుద్దుతున్నారు. సఫాయి వాళ్ళు ఆలస్యంగా వచ్చారని రెండుంపావుకి మెయిన్ తీయించారట. సరిగ్గా ఆ క్షణంలో స్వరూప డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చి లిఫ్టులో ఉంది. ఏ పనికి మెయిన్ తీయించినా తీసేముందు నాలుగు అంతస్తులూ ఎక్కి కేకేసి రావడం ఆయన అలవాటు. ఆ రోజు ఎక్కలేదు. పదహారు ఇళ్ళూ చదివి సంతకాలు పెట్టాయి కదా అని ఊరుకున్నారు.

"లిఫ్టులో స్వరూప" అన్నాను.

మెయిన్ మళ్ళీ వేయడానికి లేదు. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పేసి, కాలిపోయిన స్టార్టరు పట్టుకుని బజారుకు వెళ్ళాడు. ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. "నువ్వెళ్ళి తలుపు దగ్గర నిలబడి మాట్లాడతా ఉండు. ఆపొద్దు. ఏదో ఒకటి మాట్లాడు" అన్నారు. సంపులో ఉన్న ఒకతన్ని పైకి రమ్మని, అతన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. డాబా మీద రేకుల గదిలో లిఫ్టు యంత్రం ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పే ఇనప చక్రం ఒకటి ఉందని మా బ్లాకులో ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు.

నేను తలుపుకు నుదురు ఆనించి మాట్లాడాను. డాక్టరమ్మ ఏం చెప్పింది అని అడిగాను. పుట్టబోయేది ఆడపిల్లేనన్నాను, పేరు ఏం పెడతారో చెప్పమన్నాను, పప్పులో ఉప్పు ఎక్కువైందా అన్నాను. మా కుటుంబం మొక్కే దేవుళ్ళందరికీ మొక్కాను, ఆమె కుటుంబం మొక్కే దేవుళ్ళకు కూడా మొక్కాను. చెప్పవలసిన ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడాను. ఆ ఇనప తలుపు అవతల ఒకరు కాదు, ఇద్దరు ఉన్నారని అనుకున్నప్పుడల్లా ఇంకా గట్టిగా మాట్లాడాను. ఎంతసేపటికో గాని పైన గట్టిగా ఏదో కదిలింది. లిఫ్టు జానెడు జారింది. ఆగింది. మళ్ళీ జానెడు.

రెండో అంతస్తులో తలుపు తీసేసరికి ఆమె మూలకు చేరగిలబడి కూర్చుని ఉంది. పెదవులు తెల్లబడిపోయాయి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి. కింది ఆవిడ కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. గార్డు గారు కారు దాకా వచ్చారు గాని తలుపు తీయడానికి చెయ్యి చాపలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఆ మంట రేకుల కింద ఆ చక్రం పట్టుకున్నందుకు ఆయన అరచేతులు రెండూ బొబ్బలెక్కాయని మర్నాడు వాళ్ళావిడ చెబితే తెలిసింది.

రెండు రోజులు సెలైన్ పెట్టారు. పిండానికి ఏమవుతుందో చూడాలి అన్నారు డాక్టర్లు. ఆ రెండు రోజులూ నేను ఆస్పత్రి వరండాలోనే ఉన్నాను. స్వరూప భర్త నా చేతులు పట్టుకుని, "మీరు వినకపోతే మా ఇద్దరు దక్కకపోదురు వదినా" అని ఏడ్చాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ మాట విన్నాక ఇక నోరు రాలేదు. మూడో రోజు బిడ్డకేం ఫర్వాలేదన్నారు. ఆ సంతోషంలో నా తప్పు కూడా మాఫీ అయిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం సాయంత్రం క్లబ్బు గదిలో మీటింగు పెట్టారు. అధ్యక్షుడు తిల్దాలో బియ్యం మిల్లు ఉన్న పెద్దమనిషి, నెమ్మదస్తుడు. "గార్డ్ సాబ్, వీళ్ళకి చెప్పలేదా మీరు?" అని హిందీలో మర్యాదగానే అడిగాడు. ఆయన రిజిస్టరు తెరిచి, అరచేతికి కట్టు ఉంది కనక మోచేత్తో అతని వైపు జరిపారు.

స్వరూప భర్త లేచి వచ్చి చూశాడు. అతని ముఖం ఎర్రబడింది. "ఇది మా ఇంటామె సంతకం గాదు. ఆమె ఇంగ్లీషుల జేస్తది. ఈ బుక్కే ఆమె చూడలేదట" అన్నాడు. తర్వాత అందరికీ అర్థమయ్యేలా హిందీలో అన్నాడు, "ఇది తెలుగులో ఉంది. ఈ బ్లాకులో తెలుగు రాసేది ఎవరు?"

అందరూ గార్డు గారి కేసి చూశారు. ఎందుకు చూడరు? కుడి పేజీ నిండా తెలుగు రాసేది ఆయనే. పదహారు సంతకాల్లో పదిహేను హిందీలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. నాదైనా ఇంగ్లీషులోనే. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో నేను చేసేది అదే. వేరేవాళ్ళ పేరు రాయాల్సి వచ్చేసరికి చెయ్యి తెలుగులోకి పోయింది. గదిలో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళం నలుగురం. నేను మూడో వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"సంతకాలు పూర్తి చెయ్యాలని మీరే పెట్టుకున్నారా?" అన్నాడు అధ్యక్షుడు.

ఆయన నా కేసి చూశారు. కోపంగా కాదు, బెదిరింపుగా కాదు. రైలు కదిలే ముందు ఎక్కాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని ఆగినట్టు ఆగారు. నేను లేస్తానని నాకే అనిపించింది. లేవలేదు. మా ఆయన పరువు, స్వరూప స్నేహం, అవన్నీ తర్వాత నేను అల్లుకున్న సాకులు. ఆ నిమిషాన ఉన్నది వట్టి పిరికితనం.

"సంతకం నా ఎదుట పడలేదు. పడిందని నేను ఒప్పుకున్నాను. పైకెక్కి కేకెయ్యలేదు. తప్పు నాదే" అన్నారాయన. అని రిజిస్టరు మూసి, అధ్యక్షుడి ముందు పెట్టి, లేచి వెళ్ళిపోయారు. ఆయన అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. విన్నవాళ్ళకు మాత్రం దొంగ సంతకం పెట్టానని ఒప్పుకున్నట్టే వినబడింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఒక్క చార్జిషీటు లేదని వాళ్ళావిడ గొప్పగా చెప్పుకునేది. ఆ మాట ఆవిడ నోట మళ్ళీ వినలేదు.

పదిహేను రోజులు అన్నం సయించలేదు. పదహారో రోజు ఆయన ఇంటికి వెళ్ళాను. ముందుగదిలో కూర్చుని, కట్లు విప్పిన అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నారు. నిలబడే మొత్తం చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఏడిస్తే సగం తీరిపోతుందని మనకో నమ్మకం.

ఆయన అంతా విన్నారు. "నాకు తెలుసమ్మా. పుస్తకం తెరిచినప్పుడే అనుమానించేను. ఆ సిరా ఇంకా ఆరలేదు, ఆవిడ గుమ్మం ముందు మాత్రం చెప్పులు అలాగే ఉన్నాయి, తలుపు కదిలినట్టే లేదు" అన్నారు.

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు బాబాయి గారూ?"

"నా తప్పు నేను చెప్పేను. నీది నేనెందుకు చెప్తాను?"

"నన్ను క్షమించండి" అన్నాను.

ఆయన నూనె సీసా మూత బిగించారు. "నాకు తెలిసినదాన్ని నాకే చెప్పి ఏటి లాభం? తెలీనోళ్ళకి చెప్పు" అన్నారు. అంతే. క్షమించాననలేదు, క్షమించననీ అనలేదు. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు ఎప్పుడు ఖాళీ చేశానో గుర్తు లేదు.

తెలియనివాళ్ళకు నేను చెప్పలేదు. వర్షాకాలంలో స్వరూపకు పాప పుట్టింది. మిన్ను అని పిలుచుకుంటాం. నా చేతుల మీదే పెరిగింది, నన్ను పెద్దమ్మా అంటుంది. ఆ పిల్ల ఒక్కో పుట్టినరోజూ చేసుకుంటున్న కొద్దీ నా నోరు ఇంకా గట్టిగా మూసుకుంటూ వచ్చింది. స్వరూప మాత్రం ఆయన్ని మరిచిపోలేదు. మెట్ల మీద ఆయన ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేది, ఆయన దాటిపోయేదాకా. మిన్ను "తాతా" అనబోతే చెయ్యి పట్టి లాగేసేది. నేను పక్కనే కూరగాయల సంచీ పట్టుకుని అదంతా చూస్తూ ఉండేదాన్ని.

వేసవి సమాచారం గోడకు ఎక్కింది, తర్వాత ఫోనులోకి వెళ్ళింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. టంకీ సఫాయి రోజున మాత్రం, పదవి లేకపోయినా, పిలిచేవాళ్ళు లేకపోయినా, మెయిన్ తీసేముందు వచ్చి నాలుగు అంతస్తులూ ఎక్కేవారు. ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపు మీద మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వినేవారు. మోకాళ్ళు పోయాక కర్రతో తట్టేవారు. మూడో అంతస్తులో ఆ చప్పుడు వినబడినప్పుడు నేను తలుపు తీసిన పాపాన పోలేదు.

ఆదివారం సంతాప సభకు వెళ్ళాను. ఫొటో పెట్టారు, యూనిఫారంలో ఉన్న పాతది. గదిలో సగం మంది ఆయన్ని ఎరగనివాళ్ళు. వాళ్ళావిడ ముందు వరసలో ఉంది. రావడం ఇష్టం లేకపోయినా నేను లాక్కొచ్చానని స్వరూప నా పక్కన కూర్చుంది, ఆ పక్కన మిన్ను. మిల్లు ఆయన ఇప్పుడు బాగా పెద్దవాడైపోయాడు, అయినా లేచి నిలబడి మంచి మాటలే చెప్పాడు. గార్డు గారి క్రమశిక్షణ, రెండు భాషల్లో రాసిన రిజిస్టరు, అరచేతులు కాల్చుకోవడం. చివర్లో మనసారా అన్నాడు, "ఏక్ గల్తీ హుయీ థీ ఉన్‌సే. అది మనం మరిచిపోదాం. ఆద్మీ అచ్ఛే థే."

ఒక తప్పు చేశాడట, మరిచిపోదామట, మనిషి మంచివాడేనట. వాళ్ళావిడ తల వంచుకుంది. ఆయన పోయినందుకు వంచుకోలేదు, ఈ మాటకు వంచుకుంది. అది చూశాక నేను లేచి నిలబడ్డాను.

ముందు హిందీలో చెప్పాను, అందరికీ తెలియాలని. ఆ సంతకం నాది. నిద్రపోతున్న మనిషి పేరు నేను రాశాను, ఆమే పెట్టిందని ఆయనతో అబద్ధం చెప్పాను, మీటింగులో నోరు మూసుకు కూర్చున్నాను. తర్వాత ఆయన భార్య కేసి తిరిగి అదే తెలుగులో చెప్పాను. ఆవిడ తల ఎత్తింది. కంటతడి పెట్టలేదు. చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది, అందరూ విన్నారా లేదా అని.

నేను కూర్చోలేక నిలబడే ఉన్నాను. స్వరూప నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె నా కేసి చూడనే లేదు. ఆ ఫొటో కేసి చూస్తూ, పక్కనున్న కూతురి చెయ్యి పట్టుకుని అంది.

"ఇన్నేండ్లు ఆయన ఎదురొస్తే మొఖం తిప్పుకొని నిలబడ్డ. పిల్లను గూడ మాట్లాడనియ్యలే. ఇగ నేను పోయి ఎవలకు చెప్పుకోవాలె, అక్కా?"